ఓడకు సున్నం కొట్టాక

క్రూజ్ ఓడల లోపలి అలంకారం విషయంలో నా అభిరుచి మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. ఎంత ఆర్భాటంగా ఉంటే నాకంత ఇష్టం. రంగులు మారే నియాన్ దీపాలు, సీలింగుకు అద్దాలు, మెట్ల మొదట్లో బంగారు రంగు సింహాలు, ఎర్ర మఖమల్ సోఫాలు, చూస్తే కళ్లు తిరిగే చుక్కల కార్పెట్. "ఏదో కల్యాణ మండపంలా ఉంది" అని మా ఆయన నవ్వుతారు. మండపానికేం, లక్షణంగా ఉంటుంది అంటాను నేను.

ఈ సమీక్ష ఒకే ఓడ గురించి. డాలస్ నుంచి కారేసుకుని గాల్వెస్టన్ రేవుకు వెళ్లి ఎక్కే ఓడ. అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా, పిల్లల సెలవులు కుదిరినప్పుడల్లా ఏళ్ల తరబడి దాన్నే ఎక్కాం. కంపెనీ పేరు, ఓడ పేరు రాయను. ఆ రేవు నుంచి బయలుదేరే ఓడలు చాలా ఉన్నాయి, మీరెక్కేది వేరేది కావచ్చు. వెజ్ దొరుకుతుందా, పెరుగు ఇస్తారా, వైఫైకి ఎంత, పోర్టులో టాక్సీ వాళ్లు మోసం చేస్తారా, ఇవన్నీ రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పేది గోడలు, మెట్లు, కార్పెట్ల గురించి మాత్రమే. ముఖ్యంగా మెట్ల గురించి.

ముందు ఈ ఆర్భాటం ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చెప్పాలి. లేకపోతే ఎవరో డబ్బెక్కువైన ఓనరు పిచ్చి అనుకుంటారు. మయామీ బీచ్‌లో 1954లో ఫౌంటెన్‌బ్లూ హోటల్ తెరిచారు. దాన్ని గీసినాయన మోరిస్ లాపిడస్. అందులో పేరుమోసిన మెట్లున్నాయి. పైకెళితే పెద్దగా ఏమీ ఉండదు, కోట్లు పెట్టుకునే చిన్న గది తప్ప. కోటు అక్కడ వదిలి, నగలతో, గౌనుతో మెట్లు దిగుతుంటే లాబీలో అందరూ చూడాలి, అంతే దాని పని. ఆర్కిటెక్టులు ఆ హోటల్ని తెగ వెక్కిరించారు, జనం మాత్రం ఎగబడ్డారు. ఆయన ఆఫీసులో పనిచేసిన జో ఫార్కస్ 1970ల్లో కార్నివాల్ అనే క్రూజ్ కంపెనీ కొన్న పాత ఓడలను ముస్తాబు చేసే పనిలోకి దిగి, తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ కంపెనీ కొత్త ఓడల లోపలి రూపమంతా తానే గీశారు. 1990లో హెల్సింకీలో కట్టిన ఫాంటసీ ఓడ మధ్యలో అంతస్తుల కొద్దీ ఎత్తున ఏట్రియం, అంటే పైదాకా ఖాళీగా ఉండే పెద్ద హాలు పెట్టి, దాని నిండా నియాన్ గొట్టాలు చుట్టి, కంప్యూటర్‌తో రంగులు మార్పించారు. ఆ వరసలో 1998 దాకా మొత్తం ఎనిమిది ఓడలొచ్చాయి. వాటిలో ఎక్‌స్టసీలో అయితే షికారు దారి మధ్యలో నిజమైన పాత రోల్స్ రాయిస్ కారు పెట్టారు. 2001లో వచ్చిన ప్రైడ్‌కు ఇటలీ పాత చిత్రకారుల బొమ్మలు, గోడలంత పెద్దవి, ఒంటిమీద బట్టల్లేనివి. పెద్దవాళ్లను తీసుకెళ్లి నిలబెడితే ఎటు చూడాలో తెలియదు. 2002 నాటి కాంక్వెస్ట్‌కు ఫ్రెంచి చిత్రకారులు, భోజనాల గదులకు మోనే, రెన్వార్ అని పేర్లు. ఒక్కో ఓడకు ఒక్కో కథ, గదిగదికీ ఒక్కో వేషం.

మా ఓడ కూడా ఆ కాలానిదే, ఆ రుచిదే. ఆయన గీశారా, ఆయన్ని చూసి ఇంకొకరు గీశారా అన్నది పక్కన పెట్టండి. అందరూ నవ్వే ఆ వేషాలు చేసే పని ఒకటుంది. అది నాకు అమ్మ వల్ల తెలిసింది.

అమ్మది తెనాలి దగ్గర పల్లె. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది, ఇంగ్లిష్ రాదు. మొదటిసారి ఓడ ఎక్కించినప్పుడు నా టెన్షనంతా ఆమె గురించే. డజను అంతస్తులు, వేలమంది జనం, ఒక చివరి నుంచి ఇంకో చివరికి మూడొందల గజాలు. లోపల నడుస్తుంటే కిటికీలుండవు, ఎండ పడదు, తూర్పేదో పడమరేదో తెలిసే దారే లేదు. నేను పక్కన లేకుండా ఎక్కడికీ వెళ్లొద్దని చెప్పాను. రెండో రోజు పొద్దున లేచేసరికి ఆమె మంచం ఖాళీ. గుండె ఆగినంత పనైంది. పది నిమిషాల్లో తలుపు తట్టి, చేతిలో రెండు కాఫీ కప్పులతో నిలబడింది.

ఎలా వెళ్లావమ్మా అంటే, "ఏముందే, సింహాల దగ్గర దిగితే కాఫీ" అంది.

ఆ ఓడలో మెట్ల వరసలు మూడు. ముందు వైపు మెట్లకు ప్రతి అంతస్తులోనూ నెమళ్లు, గోడంతా నీలం పచ్చ పెంకులు. మధ్య మెట్లకు బంగారు రంగు సింహాలు, ఎర్ర కార్పెట్. వెనక మెట్లకు రాగి రంగు గోడ మీద చిన్నచిన్న పలకలు అతికించి చేసిన గుర్రాలు. మేం నెలల ముందే డెక్ ప్లాన్ ప్రింట్ తీసుకుని, రంగు పెన్నులతో గుర్తులు పెట్టుకుని వెళ్లాం. అయినా మొదటి రాత్రి భోజనానికి వెళ్తూ తప్పిపోయాం. ఎందుకంటే చాలా పెద్ద ఓడల్లో ఒక తిరకాసు ఉంటుంది. వెనక వైపు భోజనాల గది ఉన్న అంతస్తులో మధ్యలో వంటగది అడ్డంగా ఉంటుంది. ఆ అంతస్తులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి పోలేం. మధ్య మెట్లు దిగితే గోడ ఎదురవుతుంది, మళ్లీ పైకెక్కి, వెనక్కి నడిచి, వెనక మెట్లు దిగాలి. కాగితం మీద చూసి మేం ఇది అర్థం చేసుకునేలోపు అమ్మ తేల్చేసింది. "భోజనాలకి గుర్రాల మెట్లే. సింహాల మెట్లు దిగితే వంటింటి గోడ." ఆ తర్వాత మా వెనక వచ్చిన వాళ్లకు కూడా చేత్తో సైగలు చేసి ఆమే దారి చూపించేది. డాలస్‌లో మా ఇంటి నుంచి రెండు వీధుల అవతలికి ఒక్కతే వెళ్లని మనిషి, సముద్రం మీద పెద్దమనిషి హోదాలో తిరిగింది. గుళ్లో పరిచయమైన ఇంకో పెద్దావిడను ఓడలో కలిస్తే, "నెమళ్ల దగ్గరికొచ్చెయ్ వదినా, థియేటర్‌కెళదాం" అని చెప్పుకునేవాళ్లు. ఇద్దరికీ ఫోన్ అక్కర్లేదు, అంతస్తు నంబర్ అక్కర్లేదు.

దారి చెప్పడానికి ఓడలవాళ్లు వేరే ఉపాయాలూ పెడతారు. నార్వీజియన్ అనే కంపెనీ ఓడలు కొన్నిటిలో గదుల ముందు కార్పెట్ మీద చేపలన్నీ ఓడ ముందు వైపుకే ఈదుతుంటాయి. కొన్ని ఓడల్లో లిఫ్టులో నేల మీది చాపకు ఆ రోజు వారం పేరు రాసి, రాత్రికి రాత్రి మారుస్తారు. ఇవన్నీ మంచివే. కానీ సింహం ముందు చేప ఎంత? చేపను చూడాలంటే తల వంచుకుని వెతకాలి.

కరోనాకు ముందు చివరిసారి మా ఓడ ఎక్కాం. తర్వాత అందరి ఓడల్లాగే అదీ చాలాకాలం ఆగిపోయింది. మళ్లీ మేం ఎక్కేసరికి డ్రైడాక్‌కు, అంటే ఓడను నీళ్లలోంచి బయటికి తీసి బాగుచేసే చోటికి వెళ్లొచ్చింది. అంతా కొత్తగా చేశామని ఈమెయిల్ ముందే వచ్చింది, ఫోటోలు చూస్తే సోఫాలు, కాఫీ షాపు బాగానే ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టాక తెలిసింది. సింహాలు లేవు. నెమళ్ల పెంకుల మీద బోర్డులు బిగించి గోధుమ రంగు వేశారు. మూడు మెట్ల వరసలకూ ఒకటే కార్పెట్, తడి ఇసుక రంగు. మెట్ల మలుపుల్లో సముద్రం, గడ్డి, ఎండిన కొమ్మల ఫోటోలు, ఏ ఫోటో ఏ అంతస్తుదో దేవుడికే తెలియాలి. మా ఆయనకు చాలా నచ్చింది. "ఇప్పుడు హోటల్లా ఉంది" అన్నారు. పిల్లలు అసలు గమనించనే లేదు. అమ్మ మాత్రం మధ్య మెట్ల దగ్గర ఆగి అటూఇటూ చూసి, ఏమీ అనకుండా నా చేయి పట్టుకుంది.

మూడో రాత్రి షో మధ్యలో నిద్రొస్తోందని లేచింది. నేనొస్తాను పద అంటే, పిల్లలతో కూర్చో, నాకు తెలియని దారా అంది. నిజమే, ఎన్నోసార్లు వెళ్లిన దారే. థియేటర్ ముందు వైపు. మా గది వెనక వైపు, గుర్రాల మెట్లెక్కి ఎడమకు తిరిగితే ఐదో తలుపు. ఏ ట్రిప్‌లోనైనా మేం అక్కడక్కడే గది తీసుకునేవాళ్లం. గది నంబర్ గుర్తుపెట్టుకునే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. గది తలుపు తెరిచే కార్డు మీద చూసుకోవచ్చు కదా అంటారేమో, కార్డు ఎక్కడైనా పడిపోతే దొంగలకు దారి చూపించినట్టవుతుందని దాని మీద గది నంబర్ వేయరు. అత్యవసరంలో ఎక్కడ గుమిగూడాలో చెప్పే అక్షరం మాత్రం ఉంటుంది.

గుర్రాలు లేవు కాబట్టి మెట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. మొదటివి నెమళ్లవి, రెండోవి సింహాలవి, మూడోవి మనవి. తెలివైన పద్ధతే. కానీ మధ్యలో కొత్తగా పెట్టిన బార్ కోసం దారిని పక్కకు మళ్లించారు. అటు తిరిగి వెళ్లేటప్పుడు ఒక చోట సిబ్బంది వాడుకునే మెట్ల తలుపు తెరిచి ఉంది. దాన్నీ లెక్కలో వేసేసింది. దాంతో మధ్య మెట్లే వెనక మెట్లయ్యాయి. ఎక్కి, ఎడమకు తిరిగి, ఐదో తలుపుకు కార్డు పెట్టింది. ఎర్ర లైటు. మళ్లీ పెట్టింది. లోపలి నుంచి చొక్కా లేని ఒక పెద్దమనిషి తలుపు తీశాడు. సారీ అన్న మాట ఆమెకు వచ్చు, చెప్పి వచ్చేసింది. ఒక అంతస్తు తక్కువ ఎక్కానేమో అనుకుని ఇంకొకటి ఎక్కింది. అదే గోడ, అదే కార్పెట్, అవే తలుపులు. లిఫ్ట్ ఎక్కి చూసింది. తలుపు తెరుచుకుంటే మళ్లీ అదే. లిఫ్ట్ కదల్లేదేమో అనుకుందట. ఏ అంతస్తులో దిగినా అదే అంతస్తు.

మేం షో అయ్యి గదికొచ్చేసరికి ఆమె లేదు. మా ఆయన పై డెక్ బఫేకు పరిగెత్తారు. నేను ఒక్కో అంతస్తూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. సముద్రం మీద మనిషి కనబడకపోతే బుర్రలోకి ఎలాంటి ఆలోచనలొస్తాయో రాయను. చివరికి గోవా అమ్మాయి ఒకతె, గదులు సర్దే ఉద్యోగం, కారిడార్‌లో నేల మీద కూర్చున్న అమ్మను చూసింది. అమ్మ హిందీ అంతంత మాత్రం, ఆ అమ్మాయికి తెలుగు రాదు. అయినా ఆమెను చేయి పట్టుకుని కింద గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు తీసుకెళ్లింది. అక్కడ కార్డు గీస్తే, ఎక్కేటప్పుడు తీసిన ఫోటోతో సహా వివరాలన్నీ స్క్రీన్ మీదికొస్తాయి. అప్పటికి అర్ధరాత్రి దగ్గర పడింది. మేం వెళ్లేసరికి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. భయం లేదు, కోపం. అల్లుడుగారు తన కోసం ఓడంతా వెతికారని తెలిసి ఇంకా కోపం.

"మహాలక్ష్మిలా ఉండేది. దానికేం రోగమొచ్చిందే, ఇలా సున్నం కొట్టారు?"

మర్నాడు నేను కౌంటర్‌లో కూర్చున్న అధికారితో మాట్లాడాను. మర్యాదగానే విన్నాడు. ప్రతి మెట్ల దగ్గరా బోర్డుంది, వేలితో నొక్కే మ్యాప్ స్క్రీన్ ఉంది, ఫోన్‌లో యాప్ ఉంది, అది ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా పనిచేస్తుంది అన్నాడు. అన్నీ నిజమే. అన్నీ ఇంగ్లిష్‌లోనే. నేల దగ్గర చీకట్లో మెరిసే గీత కూడా ఉంటుంది, సముద్ర భద్రతా నియమాల ప్రకారం పెట్టి తీరాలి. అది ప్రాణం మీదికొస్తే బయటికి దారి చూపిస్తుంది కానీ గదికి చూపించదు కదా. దారి అందరికీ తెలిసేలా గోడ మీద గుర్తులు పెట్టి, వాటిని మీరే తీసేసి, యాప్ చూసుకోమంటే ఎలా అని అడిగితే ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చాడు. రాశాను. జవాబుగా వచ్చే ఏడాది ట్రిప్‌కు డిస్కౌంట్ కూపన్ పంపారు.

అనుకోని సంతోషం ఒకటి దొరికింది. పోర్టులో దిగడానికి అన్నిటికంటే కింది అంతస్తుకు వెళ్లినప్పుడు, వెనక మెట్ల చివరి మలుపులో గుర్రాలు అలాగే ఉన్నాయి. పలకలు ఊడదీయడానికి ఖర్చనుకున్నారో, అక్కడికి ఎవరొస్తారులే అనుకున్నారో. అమ్మ ఊళ్లోవాళ్లు కనబడ్డట్టు మురిసిపోయింది. ఆ ట్రిప్ మిగతా రోజులు ఎక్కడి నుంచి వచ్చినా ముందు కిందికి దిగి, గుర్రాలు చూసుకుని, అక్కడి నుంచి అంతస్తులు లెక్కపెట్టుకుంటూ పైకొచ్చేది. మోకాళ్ల నొప్పులున్న మనిషి.

ఇంత చెప్పాను కదా అని పాత ఓడ స్వర్గమేమీ కాదు. సింహాలు ఫైబర్‌వి. దగ్గరికెళితే చెవుల దగ్గర బంగారు రంగు పెచ్చులూడి తెల్లగా కనబడేది. ఎర్ర సోఫాల చేతులు జిడ్డుపట్టి నల్లబడ్డాయి. డాన్స్ హాల్లో గోడలకు ముసుగుల బొమ్మలుండేవి. మా చిన్నవాడు చిన్నప్పుడు అటు రానని ఏడిచేవాడు. సీలింగుకు అద్దాలెందుకంటే ఓడల్లో అంతస్తు ఎత్తు తక్కువ, అద్దం పెడితే ఎత్తుగా అనిపిస్తుంది. అనిపించడమే కాదు, రాత్రి నియాన్ అంతా అందులో రెట్టింపై మా ఆయనకు నిజంగానే తలనొప్పి వచ్చేది. మైగ్రేన్ ఉన్నాయన, పాపం. ఆ వెలుగులో తీసిన మా పెళ్లిరోజు ఫోటోల్లో అందరి మొహాలూ టమోటా రంగులో ఉన్నాయి. వెనక్కి తిరిగి చూసుకుంటే, నాకు అంతగా నచ్చింది ఆ అందమా, లేక అమ్మను నిశ్చింతగా వదలగలిగానన్న సుఖమా అని కొంచెం అనుమానమే.

కొత్తగా చేసినవాటిలో మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. గదిలో మంచం పక్కన ప్లగ్గులు పెట్టారు, ఇదివరకు అద్దం దగ్గర ఒక్కటే ఉండేది, నలుగురి ఫోన్లకు వంతులు. కొత్త పరుపు, చదువుకోవడానికి విడి లైటు. కాఫీ షాపులో కూర్చుంటే కళ్లకు హాయిగా ఉంది, పుస్తకం చదువుకోవచ్చు. సింహాల మధ్య ఎవరూ పుస్తకం తీయలేదు.

ఇది మా ఒక్క ఓడ గోల కాదు. 1996లో లక్ష టన్నులు దాటిన మొదటి ప్రయాణికుల ఓడగా పేరు తెచ్చుకున్న కార్నివాల్ డెస్టినీని 2013లో దాదాపు కొత్తగా చేసి, పేరు కూడా సన్‌షైన్ అని మార్చారు. దాని తోటి ఓడ ట్రయంఫ్ 2019లో సన్‌రైజ్ అయింది. వాటిలో పాత వేషాలు పోయాయి. నియాన్ ఫాంటసీ అయితే 2020లో టర్కీలో అలియాగా తీరానికి చేరింది, ఓడలను ముక్కలు చేసే చోటికి. అన్నట్టు, 2022లో విశాఖకు వచ్చిన కార్డీలియా ఎంప్రెస్ కూడా నార్డిక్ ఎంప్రెస్ పేరుతో 1990లో పుట్టిన ఓడే, ఫాంటసీ ఈడుది. మనవాళ్లు కొత్త ఓడ అనుకుని వరసకట్టి చూశారు.

ఇక ఎక్కొచ్చా అంటే, ఎవరితో వెళ్తున్నారన్నదాన్ని బట్టి. మీరిద్దరే అయితే, ఇంగ్లిష్ బోర్డులు చదవగలిగితే, కొత్త రూపం మీకు ఇబ్బందేమీ కాదు, హాయిగానే ఉంటుంది. మైగ్రేన్ ఉంటే పాత ఆర్భాటపు ఓడ వద్దు. అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్తున్నారా, బుకింగ్‌కు ముందు గది ఫోటోలు పక్కన పెట్టి మెట్ల ఫోటోలు వెతకండి. ఎవరో ఒకరి వీడియోలో కనబడతాయి. ముందు, మధ్య, వెనక మెట్లు మూడూ ఒకేలా ఉంటే, గది లిఫ్టుకు మరీ దగ్గర్లో తీసుకోండి. తలుపులు ఇనుపవి కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది. ఇండియన్ షాపులో దొరికే ప్లాస్టిక్ మామిడి తోరణానికి రెండు అయస్కాంతాలు కట్టి పెట్టుకోండి. ఎక్కే ముందు ఆ ఓడలో ఒప్పుకుంటారో లేదో అడగండి, మంటల భయంతో కొందరు వద్దంటారు.

మేం మళ్లీ ఎక్కుతామా? కూపన్ ఉంది, గాల్వెస్టన్ మాకు కారు దూరం, రేటు మిగతావాటికంటే తక్కువే. అమ్మ వచ్చే చలికాలం వస్తానంటోంది. ఆమె వస్తే వేరే ఓడ చూడాలి, మేమిద్దరం, పిల్లలు మాత్రమే అయితే ఇదే. మా ఆయన ఓటు ఎటూ ఇసుక రంగుకే.